సొట్ట మీద సుద్దపొడి

పోయిన నెల మా అమ్మాయి సైకిలు అమ్మేశాను. తను చదువుకని భువనేశ్వర్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. అప్పటి నుంచీ అది బరంపురంలో మా ఇంటి మెట్ల కింద దుమ్ము పట్టి, టైర్లలో గాలి దిగిపోయి, గోడకి ఆనుకుని ఉండిపోయింది. వారం రోజులు సాయంత్రం పూట కూర్చుని దాన్ని బాగు చేశాను. అమ్మకానికి పెడదామని ఫోన్లో ఫోటోలు తీస్తుంటే మా ఆవిడ వచ్చి, "అదేంటండీ, సొట్ట ఉన్న వైపే తీస్తున్నారు? అటు తిప్పి తీయొచ్చుగా" అంది. నేను తిప్పలేదు. సొట్ట పక్కన రూపాయి బిళ్ళ ఆనించి, ఎంతుందో తెలిసేలా ఇంకో ఫోటో తీశాను. ఎందుకలా అంటే అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. అది ఒక్క మాటలో అయ్యేది కాదు. 1986లో పర్లాకిమిడిలో మా చిన్న మావ సైకిలు కొట్లో మొదలైన విషయం.

మా అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. నాన్నగారికి ఉద్యోగంలో ఊరికే బదిలీలు అవుతుంటే, నా చదువు పాడవుతుందని 8వ తరగతి నుంచి నన్ను అమ్మమ్మ ఇంట్లో ఉంచారు. అప్పటికి గజపతి జిల్లా ఇంకా లేదు. ఊరు గంజాం జిల్లాలోనే ఉండేది, వేరే జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. ఒడిశా రాష్ట్రం పుట్టిన 1936లో ఊరు అటు వెళ్ళింది గానీ, మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మావ కొట్టు బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండల మీద నుంచి సంతకి దిగే సవరలతో వాళ్ళ మాటలు నాలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారని మా బళ్ళో గర్వంగా చెప్పేవారు. మావ అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అయినా కొనడానికి వచ్చినవాడితో వాడి భాషలో రెండు మాటలైనా మాట్లాడాలన్నది ఆయన పట్టుదల.

కొట్టు స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో ఉండేది. స్టేషన్ అంటే చిన్న రైలు స్టేషన్. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను, రెండున్నర అడుగుల గేజి, 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. ఆ బొగ్గింజను కూత దూరంగా వినబడగానే నేను అద్దె సైకిళ్ళు బయటికి తెచ్చి వరసగా నిలబెట్టాలి. బండి దిగినవాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా కోర్టుకో, ఆసుపత్రికో, పాతపట్నానికో వెళ్ళడానికి సైకిలు తీసుకునేవారు. గంటకి అర్ధరూపాయి. అద్దెవి ఆరూ అట్లాస్ సైకిళ్ళే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ పని ఆగిపోయిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ ఆరు సైకిళ్ళ బెల్లులూ ఒక్కసారిగా చెవిలో మోగాయి.

అద్దెతోనూ పంక్చర్లతోనూ ఇల్లు గడిచేది. మావకి ఇష్టమైన పని మాత్రం వేరే ఉంది. పాత సైకిలు కొని, ఊడదీసి, ఓవరాయిలింగు చేసి అమ్మడం. ఏడాదికి ఏడెనిమిది కంటే ఎక్కువ చేసేవాడు కాదు.

ఆ ఏడు శ్రావణంలో, ముసురు పట్టిన రోజున, ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ఎక్కి తొక్కలేదు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కళ్ళకి శుక్లాలు వచ్చాయి, రోడ్డు మసకగా కనబడుతోంది, ఇంక వద్దని కొడుకులు అన్నారట. సైకిలు హెర్క్యులస్, 1962లో కొన్నది. మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన బండి. నల్ల రంగు మీద సన్నటి బంగారు గీతలు ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా చాలా చోట్ల చెక్కుచెదరలేదు. మడ్గార్డుల అంచులకి తుప్పు, రిమ్ములకి చిలుము, తోలు సీటు ఎండి బిర్రబిగిసింది. పై రాడ్డు మధ్యలో, ఎడమ వైపు, బొటనవేలు పట్టేంత సొట్ట.

సొట్ట సంగతి మేము అడగకుండానే ఆయనే చెప్పారు. పాతపట్నం సంతలో గోడకి ఆనించి బెల్లం కొంటుంటే, ఎడ్లబండి వెనక్కి జరిగి, ఇరుసు కొస వచ్చి రాడ్డుకి నొక్కుకుందట. బండివాడు భయపడి ఏడ్చినంత పని చేశాడట. "కొత్తది బాబూ అప్పటికి, మూడో నెల. ఆ రాత్రి నేను అన్నం తినలేదు" అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన బొటనవేలు వెళ్ళి సరిగ్గా ఆ సొట్టలోనే కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఎన్నిసార్లు అలా పెట్టారో, అక్కడ రంగు అరిగి ఇనుము నున్నగా మెరుస్తోంది.

మావ వెంటనే బేరం ఆడలేదు. ముందు సైకిలు వెనక్కి వెళ్ళి గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అని చూశాడు. తర్వాత హ్యాండిల్ కింద గొట్టానికి పురికొస చుట్టి, దాని రెండు కొసల్నీ వెనక చక్రం ఇరుసుకి అటొకటి ఇటొకటి బిగించాడు. సీటు గొట్టానికి ఆ తాళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో అటూ ఇటూ పుల్లతో కొలిచాడు. రెండు వైపులా ఒకటే. అంటే ఫ్రేము వంకర పోలేదు. ఆఖరున హ్యాండిల్ కింద, రాడ్లు వచ్చి కలిసేచోట, అడుగు వైపు వేలితో తడిమాడు. ఎదురుగా దేన్నైనా గుద్దుకున్న సైకిలుకి అక్కడ రంగు ముడతలు పడుతుంది. రంగు ముడత పడిందంటే లోపల ఇనుము ముడత పడినట్టే. ఇక్కడ ఏమీ లేదు.

"సొట్టలన్నీ ఒకటి కాదు అల్లుడూ" అన్నాడు మావ, గుమాస్తాగారు వెళ్ళిపోయాక. మా వైపు మేనమామ మేనల్లుణ్ణి అలాగే పిలుస్తాడు. "గుండ్రంగా, మెత్తగా దిగిన సొట్ట కంటికే చెడ్డది. అంచు మడత పడి గీతలాగ ఉంటే అది ప్రాణానికి చెడ్డది. రాడ్డు మధ్యలో ఉంటే ఒకలాగ, అతుకు దగ్గరుంటే ఇంకోలాగ. ఇది మధ్యలో ఉన్నాది, గుండ్రంగా ఉన్నాది." గుమాస్తాగారికి అంతకు ముందే 140 రూపాయలు ఇచ్చాడు. ఆయన డబ్బు లెక్క పెట్టుకోలేదు. వెళ్ళేముందు మాత్రం, "తుడుచుకునేవాడికే ఇయ్యి నాయనా" అని ఒక్క మాట అన్నారు.

మర్నాటి నుంచి బడి అయిపోగానే నేను కొట్లోనే. అంతకు ముందు పంక్చర్లు వేయడం, గాలి కొట్టడం తప్ప నాకు ఏదీ ఇచ్చేవాడు కాదు. ఈ హెర్క్యులస్‌ని మొదటి నుంచి చివరి దాకా నా చేత చేయించాడు, అందుకే అది నాకు ఇంతగా గుర్తు.

డాల్డా డబ్బా సగానికి కోసి అందులో కిరసనాయిలు పోసి, విప్పిన ప్రతి మరా అందులో పడేయాలి. పెడళ్ళ కాటర్ పిన్నులు, అంటే పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే మేకులు, పట్టేసి రాలేదు. సుత్తితో కొడితే పిన్ను తల నలిగిపోతుందని, ముందు నట్టు సగం వదులు చేసి దాని మీద చెక్క ముక్క పెట్టి, కింద ఇనుప గొట్టం ఆనించి కొట్టడం నేర్పాడు. నూనె పోసి రెండు రాత్రులు వదిలేస్తే గానీ ఎడమదాని పిన్ను కదల్లేదు. బేరింగు గోళీలు లెక్కపెట్టి తీయాలి, లెక్కపెట్టి వేయాలి. వెనక హబ్బులో పావు అంగుళం గోళీలు వైపుకి 9. ముందు హబ్బులో చిన్నవి, వైపుకి 10. పెడళ్ళ ఇరుసు దగ్గర పావు అంగుళానివే, వైపుకి 11. ఒక్క గోళీ గుంట పడినా ఆ వైపువన్నీ మార్చాల్సిందే. అరిగిన పది గోళీల మధ్య కొత్తది ఒకటి పెడితే బరువంతా ఆ ఒక్కదాని మీదే పడి, అదీ పోతుంది, అది తిరిగే కప్పూ పోతుంది. ఇప్పటికీ సైకిలు విప్పితే నేను గోళీలు బయటికే లెక్కపెడతాను, ఒకటీ రెండూ మూడూ అని.

రిమ్ముల చిలుముకి ఇటుక పొడి, కిరసనాయిలు, గోనె పీలిక. చేతులు మంటెక్కేవి, కానీ తెల్లటి మెరుపు బయటపడుతుంటే ఆపాలనిపించేది కాదు. చక్రాల పోచలు, అంటే స్పోకులు, ముందు 32, వెనక 40. చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుంటే, వంకర ఉన్నచోట తెల్ల గీత పడుతుంది. ఆ గీత ఉన్న వైపు పోచ వదులు చేసి ఎదుటి వైపు పోచ బిగించాలి, పావు తిప్పు కంటే ఎక్కువ తిప్పకూడదు. సీటుకి ఆముదం, అడుగు వైపు నుంచి, మూడు రాత్రులు.

రంగు విషయంలో మావకి గట్టి పట్టు ఉండేది. కంపెనీ వేసిన రంగు, చేత్తో గీసిన బంగారు గీతలు ఉన్నంతలో ఉండాలి. బండంతా గీకి కొత్త రంగు కొట్టడం ఆయనకి నచ్చేది కాదు. గీరలు పడినచోట మాత్రం గరుకు కాగితంతో ఇనుము కనబడేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ వేసి, అది పూర్తిగా ఆరాక నల్ల ఎనామిల్ పల్చగా రెండుసార్లు. ముసురు రోజుల్లో ఎనామిల్ త్వరగా ఆరదు, ఆరినా పాలిపోయినట్టు ఉంటుంది. అందుకని ఆ పని ఎండ కాసేదాకా ఆగింది.

సొట్టకి మావ దగ్గర ఒక చెక్క ఉండేది. టేకు దిమ్మలో రాడ్డు మందానికి సరిపోయేలా అంగుళం కన్నం పెట్టించి, దాన్ని నిలువునా రెండు ముక్కలు కోయించాడు. ఆ రెండు ముక్కల మధ్య రాడ్డు పెట్టి, కాస్త గ్రీజు రాసి, బల్లకున్న ఇనుప పట్టు, వైసులో బిగించి, ఫ్రేము మొత్తాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. అప్పుడు సొట్ట చుట్టూ ఉబ్బిన ఇనుము అణుగుతుంది, మధ్యలోది కొంచెం పైకి లేస్తుంది. బిగించు, తిప్పు, వదులు చెయ్యి, చూడు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి సొట్ట సగానికి తగ్గింది. "చాలు" అన్నాడు. నాకు చాలలేదు. ఇంకా కొంచెం తిప్పుదామన్నాను. ఇనుముని అదే పనిగా ఒకేచోట కదిపితే అలిసిపోతుందని, మిగిలిన సొట్ట ఉంటే ఉండనీ అని వైసు విప్పేశాడు.

మూడు వారాల తర్వాత ఆ సైకిలు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయేవాణ్ణి. చక్రం ఒకసారి తిప్పి వదిలితే ఆగేదాకా చప్పుడు లేదు. అంత అందంలో ఆ సొట్ట ఒక్కటి. వెలుతురు పక్క నుంచి పడినప్పుడల్లా అక్కడ నీడ గుంట కట్టేది. నేను కడిగిన ప్రతి మర, నేను రుద్దిన ప్రతి అంగుళం పోయి, వచ్చినవాడి కళ్ళు ముందు ఆ గుంట మీదే పడతాయనిపించేది. పధ్నాలుగేళ్ళ వయసు. చాలా బాధపడ్డాను.

మావ సామాన్ల కోసం బరంపురం వెళ్ళాడు, రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో నేను పని కానిచ్చేశాను. లారీలకి రంగులు వేసే ఒక కుర్రాడి దగ్గర చిన్న ముద్ద లప్పం అడిగి తెచ్చుకున్నాను. సొట్టలో నింపి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే నీళ్ళ కాగితంతో రుద్దాను. మా కొట్టుకి రెండిళ్ళ అవతల కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే పెద్దాయన ఒకరుండేవారు. పర్లాకిమిడి కొమ్ము పని పేరున్న పని. నునుపు చూడాలంటే కళ్ళు మూసుకుని బొటనవేలితో చూడాలని ఆయనే నాకు ఎప్పుడో చెప్పారు. అలాగే కళ్ళు మూసుకుని, వేలితో చూసుకుంటూ, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో నాకే తెలియనంతగా అరగదీశాను. పైన నల్ల రంగు. తెగిపోయిన బంగారు గీతని కూడా సన్న కుంచెతో కలిపేశాను. నా జీవితంలో చేత్తో చేసిన పనుల్లో అంత శుభ్రంగా కుదిరినవి తక్కువ.

మావ వచ్చాడు. సంచి దించకముందే సైకిలు చూశాడు. దగ్గరికి వచ్చి రాడ్డు మీద అరచెయ్యి పెట్టి ఇటు నుంచి అటు జరిపాడు, సొట్ట ఉండాల్సిన చోట ఆగాడు. ఇనుము చల్లగా ఉంటుంది, లప్పం అంత చల్లగా ఉండదు. నాకు ఆ సంగతి తెలీదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి రాడ్డు మీద తట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్, అక్కడికి వచ్చేసరికి డబ్ మంది.

"ఇదేటిది?"

"లప్పం మావా."

"ఎవులు ఎట్టమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. సొట్ట కనపడకుండా ఉంటాదని నేనే..."

తిడతాడనుకున్నాను. స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నాడు. "సొట్ట కనపడకపోతే దాని కింద ఏటుందో కొన్నోడికి ఎలా తెలుస్తాది? గుమాస్తాగారు మనకి సెప్పారా నేదా? మనం అడగలేదు, ఆయనే సెప్పారు. ఆయన సెప్పింది మనం మింగేస్తే ఎలా?" అని, గోడకున్న ఆకురాయి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమంతా నేను పెట్టినదాన్ని నేనే గీకాను. కన్నీళ్ళు ఆగలేదు. మావ పక్కనే పంక్చరు వేసుకుంటూ ఉన్నాడు గానీ ఓదార్చలేదు. గీకుతుంటే లప్పంతో పాటు గుమాస్తాగారి వేలికి అరిగి నునుపు తేలిన ఆ మెరుపు కూడా పోయింది. అది నేను పోగొట్టాను. దానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

రాత్రి అత్త అన్నం పెడుతూ మెల్లిగా చెప్పింది. నేను ఆ ఇంటికి రాకముందు, మావ ఒక పాత సైకిలు కొని బాగుచేసి అమ్మాడట. హ్యాండిల్ కింద ఎవరో లప్పం పెట్టి రంగేసి మావకి అంటగట్టారు. మావకి తెలీలేదు. కొన్నతను పల్లంలో దిగుతుంటే అక్కడే విరిగింది. మెడ దగ్గర ఎముక, మూడు పళ్ళు పోయాయి. మావ అతనికి సైకిలు డబ్బులు తిరిగిచ్చి, వైద్యానికి అత్త చేతి గాజు ఒకటి అమ్మాడు. "అప్పట్నించి బండి కొంటే చాలు, ముందు సుద్దపొడి తీస్తాడు" అంది అత్త.

సుద్దపొడి కథ నాకు అప్పుడు అర్థమైంది. నౌపడాలో రైలింజన్ల పని చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర మావ నేర్చుకున్న పద్ధతి అది. అనుమానం ఉన్నచోట రంగు గీకి ఇనుము బయటపెట్టి, కిరసనాయిలు బాగా పట్టించి కాసేపు వదిలేయాలి. తర్వాత పొడి గుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచేయాలి. దాని మీద మెత్తటి సుద్దపొడి చల్లి ఆగాలి. పగులు ఉంటే, కంటికి ఆనని వెంట్రుక పగులైనా సరే, అందులో దిగిన కిరసనాయిలు మెల్లగా ఊరి పొడిని తడుపుతుంది, తెల్లటి పొడిలో నల్లగా గీత తేలుతుంది. తర్వాత నేను డిప్లొమా చదివేటప్పుడు పుస్తకంలో ఇదే కనబడింది. 'ఆయిల్ అండ్ వైటింగ్' అని, రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల్లో పగుళ్ళు చూడటానికి వెనకటి రోజుల్లో వాడేవారని, ఇప్పుడు వాడే ఎర్ర రంగు పరీక్ష దాని నుంచే వచ్చిందని రాసి ఉంది. నాకు పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. మావ కొట్టే తలుచుకుని రాశాను.

దసరాకి నాలుగు రోజుల ముందు ఒక కుర్రాడు వచ్చాడు. గుమ్మ వైపు కొండల్లో ఒక ఊరి సవరల అబ్బాయి. బళ్ళో పంతులు ఉద్యోగం కొత్తగా వచ్చింది, మొదటి జీతాలు చేతికొచ్చాయి. మావ కంటే పదిహేనేళ్ళైనా చిన్నవాడు. ఉద్యోగం పేరు చెప్పగానే మావ లేచి నిలబడి "మాస్టారూ, కూర్చోండి" అన్నాడు. ఆ పిలుపుకి ఆ కుర్రాడి ముఖం ఎలా మారిందో నాకు ఇంకా గుర్తుంది. అతను ఒడియాలో మాట్లాడాడు, మావ ఒడియాలో జవాబిచ్చాడు, మధ్యమధ్య ఇద్దరూ సవరలో ఏదో అనుకున్నారు.

అతను సొట్ట చూడనే లేదు. అతని కళ్ళన్నీ బంగారు గీతల మీదా, బెల్లు మీదా ఉన్నాయి. మావే అతని చెయ్యి పట్టుకుని వేలు తీసుకెళ్ళి సొట్టలో పెట్టాడు. పాతపట్నం సంత, బెల్లం, ఎడ్లబండి ఇరుసు, గుమాస్తాగారు ఆ రాత్రి అన్నం తినకపోవడం, అన్నీ చెప్పాడు. నేను లప్పం పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాత నా వైపు చూశాడు. నేను కిరసనాయిలు సీసా, సుద్దపొడి డబ్బా తెచ్చాను.

రాసి, ఆగి, తుడిచి, పొడి చల్లి ముగ్గురం ఆ రాడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. గుణుపురం బండి కూత వేసింది, అద్దె సైకిళ్ళు బయట పెట్టడానికి నేను లేవలేదు, మావ లెమ్మనలేదు. పొడి తెల్లగానే ఉంది. మాస్టారు వంగి, ఊదకుండా ఊపిరి బిగపట్టి చూసి, "భల అఛి" అన్నాడు. బాగుంది అని.

చెప్పిన ధర 300. సొట్టకని మావే 25 తగ్గించాడు. అతను అడగలేదు. కొండ దారి కాబట్టి బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి వేసిచ్చాడు. వానలో ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, పల్లం ఎక్కువున్నచోట దిగి నడిపించుకో అని రెండుసార్లు చెప్పాడు. గీకినచోట రెడ్ ఆక్సైడ్, రంగు వేసి మర్నాడు ఇస్తానంటే మాస్టారు వద్దన్నాడు, పండక్కి ఊరికి తీసుకెళ్ళాలట. చిన్న సీసాలో నల్ల రంగు, పాత కుంచె ఒకటి కట్టి ఇచ్చాం. క్యారియర్‌కి బియ్యం సంచి కట్టుకుని, తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ ఊరు దాటేదాకా వెళ్ళాడు. జనంలో దేనికైనా తగులుతుందని భయం కాబోలు.

సంక్రాంతి ముందు మళ్ళీ వచ్చాడు. వెంట బావమరిది, అతనికీ సైకిలు కావాలి. అప్పటికి కొట్లో ఒక పాత ఆవాన్ అమ్మకానికి ఉంది. మావ ఏదో చెప్పబోయేలోపే మాస్టారు లోపలికి వెళ్ళి, బల్ల మీద ఉన్న సుద్దపొడి డబ్బా తనే తీసుకొచ్చి బావమరిది చేతిలో పెట్టాడు. బయట నిలబెట్టిన హెర్క్యులస్ రాడ్డు మీద సొట్టకి నల్ల రంగు తనే వేసుకున్నాడు. కొంచెం అంచులు దాటింది. పెడళ్ళ దగ్గర ఎర్రమట్టి ఉంది గానీ మిగతాదంతా తుడిచి ఉంది. నేను మర్నాడే గుమాస్తాగారి ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాను. ఆయనకి అప్పటికి దాదాపు కనబడటం లేదు. "ఏ ఊరు? ఎంత దూరం? ఎత్తా పల్లమా?" అని అడిగి అడిగి చెప్పించుకున్నారు.

చిన్న రైలు 2004లో ఆగిపోయింది, 2011కి పెద్ద లైను గుణుపురం దాకా వచ్చింది. మావ 2009లో పోయారు. కొట్టు ఇప్పుడు లేదు. అత్త నాకు ఇచ్చినవి రెండు. ఒకటి ఆకురాయి, రెండోది ఆ టేకు చెక్కల జత. వాటి కన్నంలో ఇప్పటికీ పాత గ్రీజు వాసన ఉంది.

మా అమ్మాయి సైకిలుకి ఆ చెక్కలు పనికిరావు. అది అల్యూమినియం ఫ్రేము, రాడ్డు లావు, గుండ్రంగా కూడా ఉండదు. ఉక్కులాగ అల్యూమినియంని వెనక్కి తోయడానికి చూడకూడదు, తోస్తే అక్కడే చీలే ప్రమాదం ఉంది. మేడ మీదికి మోసుకెళ్తుంటే చెయ్యి జారి గ్రిల్లు అంచుకి తగిలి పడిన సొట్ట అది. అందుకని చైను, బ్రేకు తీగలు, టైర్లు మార్చి, గోళీలు లెక్కపెట్టి శుభ్రం చేసి, సొట్టని సొట్టగానే వదిలేశాను.

గోపాల్‌పూర్ నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. సముద్రం మీదికి వెళ్ళే మన తెలుగువాళ్ళే. తండ్రి ఫోటోలో చూసే వచ్చాడు కాబట్టి ముందు సొట్ట దగ్గరికే వెళ్ళి, పడవ చెక్క తడిమినట్టు బొటనవేలితో తడిమాడు. "ఇది పగిలిందా బాబూ?" అన్నాడు. గ్రిల్లు సంగతి చెప్పాను, మా అమ్మాయి ఆ రోజు ఎంత ఏడ్చిందో కూడా చెప్పాను. కిరసనాయిలు నాకు దొరకలేదు. పొద్దున్నే వీధి చివర మెకానిక్ దగ్గర పావు గ్లాసు డీజిలు తెచ్చి ఉంచాను. సొట్ట దగ్గర రంగు ఎలాగూ లేచిపోయే ఉంది. డీజిలు పట్టించి, కాసేపటికి తుడిచి, డబ్బా మూత తీస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడు "నేను చల్లనా అంకుల్?" అన్నాడు. ఇచ్చాను. రెండు వేళ్ళతో ముగ్గు వేసినట్టు సన్నగా చల్లాడు.

ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. మా ఆవిడ టీ తెచ్చి, తనూ నిలబడి చూసింది. పిల్లవాడు కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయి ఆ తెల్లటి మచ్చ వైపే చూస్తున్నాడు. టీ అయిపోయేదాకా ఆగాం. గీత రాలేదు.